ఫిలిప్పీన్స్‌లో కాబోయే అత్తవారింటికి మొదటి ప్రయాణం: పెద్దల సలహా కావాలి

గోదారి గట్టు

సభ్యులందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. ఆరేళ్లుగా దుబాయిలో ఒక గిడ్డంగిలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయి ఇక్కడే ఆసుపత్రిలో నర్సు. ఆమెది ఫిలిప్పీన్స్‌లోని బికోల్ ప్రాంతం. ఆల్బే అనే ప్రావిన్సులో, మాయోన్ అగ్నిపర్వతం కనబడే దూరంలో వాళ్ల ఊరు. మా పరిచయానికి నాలుగేళ్లు నిండాయి. ఈ డిసెంబరు 14న బయలుదేరి, క్రిస్మసు వాళ్లింట్లో గడిపి, 27వ తేదీకల్లా తిరిగి రావాలని ఇద్దరం అనుకున్నాం. నాకు ఆ దేశం కొత్త, ఆ ఇల్లు కొత్త. వీడియో కాల్‌లో వాళ్ల నాన్నగారు రెండుసార్లు తలవూపారు, నాయనమ్మగారు ఒకసారి నవ్వారు. వాళ్లతో నాకున్న పరిచయం అంతే.

ఇంట్లో అమ్మానాన్నలు, నాయనమ్మ, ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు ఉంటారు. పక్కింట్లోనే బాబాయి కుటుంబం. పెద్ద కూతురు కాబట్టి తమ్ముళ్ల చదువు ఖర్చు ఆమే భరిస్తోంది. ఆ విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు, మా ఊళ్లో గల్ఫు డబ్బుతో నిలబడిన ఇళ్లు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. నా సందేహాలు వేరు. గడప దాటగానే పెద్దలకు ఎలా నమస్కరించాలి? కానుకలుగా ఏమి తీసుకెళ్లాలి, ఎంతమందికి తీసుకెళ్లాలి? నేను కోడి, చేప తింటాను గాని గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టను. ఆ మాట వాళ్ల మనసు నొచ్చకుండా ఎలా చెప్పాలి? వాళ్లింట్లోనే దిగాలా, దగ్గరి పట్టణం లెగాజ్పిలో హోటలు గది తీసుకుంటే మర్యాదగా ఉంటుందా? ఆమెను అడిగితే, ‘నువ్వు మామూలుగా ఉండు, మా వాళ్లు చాలా సాదా మనుషులు’ అంటుంది. సాదా మనుషుల ఇంట్లోనే ఎక్కువ జాగ్రత్తగా మసలుకోవాలని మా తాతగారు అనేవారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో ఈ విషయం ఇంకా తెలియదు. ముందు వెళ్లి చూసివచ్చి, అన్నీ కుదిరాక నాన్నకు చెబుదామన్నది నా ఆలోచన. దీని గురించి సలహా అడగడం లేదు, విషయం పూర్తిగా తెలియాలని రాస్తున్నాను.

మునగాకు

గోదారి గట్టు గారూ, నాకు ఫిలిప్పీన్స్ అమ్మాయితో పెళ్లయి పదకొండేళ్లయింది. మేము సింగపూరులో ఉంటాం, మా అత్తవారిదీ బికోల్ ప్రాంతమే. మీరు సలహా వద్దన్న విషయానికి చివర్లో వస్తాను. అది మిగిలినవాటికన్నా పెద్దదని నాకు అనిపిస్తోంది కాబట్టి నన్ను మన్నించండి.

ముందు నమస్కారం సంగతి. అక్కడ పెద్దవాళ్లు కనబడగానే కొంచెం వంగి, వాళ్ల కుడిచేతిని అందుకుని, ఆ చేతి వెనుక భాగాన్ని మన నుదుటికి ఆనించుకుంటారు. దాన్ని ‘మానో’ అంటారు. నాయనమ్మను ‘లోలా’ అని పిలుస్తారు, మొదట ఆమె దగ్గరకు వెళ్లండి. ఆ తరువాత తల్లిదండ్రులు, ఆ తరువాత బాబాయి, పిన్ని. చేయి అందుకుంటూ ‘మానో పో’ అనాలి. ఇక్కడే మన తెలుగువాడికి నోరు పెగలదు. ఆ ‘పో’ మన ‘అండి’ లాంటిది, పెద్దలతో ఏ మాట అన్నా దాన్ని చేర్చకపోతే పొగరుబోతు కింద లెక్క. అవునండీ అనడానికి ‘ఓపో’ అంటారు. కాబోయే మామగారి ముఖం మీద ‘పో’ అనడానికి నాకు మొదటి రోజంతా మనసొప్పలేదు, అనకపోవడమే తప్పని సాయంత్రానికి మా ఆవిడ చెవిలో చెప్పింది. బికోల్ భాషలో ఇదే మర్యాదకు ‘తాబి’ అన్న మాట వాడతారు. మీరు ‘మర్హాయ్ నా ఆల్దావ్ తాబి’ అని పలకరిస్తే, అంటే నమస్కారమండీ అన్నమాట, ఆ ఇంట్లో సగం పని అయిపోయినట్లే. కృతజ్ఞత చెప్పడానికి ‘దియోస్ మబాలోస్’ అనాలి. పెళ్లి కాకముందే అత్తమ్మ, మామయ్య అన్న అర్థం వచ్చే మాటలు మనంతట మనం వాడకూడదు. బాబాయి, పిన్ని అనే అర్థంలో ‘తితో’, ‘తిత’ అని పిలవండి. వాళ్లే ఏదో ఒక రోజు ఇంకోలా పిలవమంటారు, ఆ రోజు కోసం ఆగాలి.

కానుకల విషయంలో మన ఇళ్లకూ వాళ్ల ఇళ్లకూ తేడా లేదు. ఊరి నుంచి వచ్చినవాడు ఉత్త చేతులతో రాకూడదు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘పసలుబొంగ్’. ఖరీదు కన్నా అందరికీ అందడం ముఖ్యం. పక్కింటి బాబాయి పిల్లల్ని మరిచిపోయి ఇంట్లోవాళ్లకు మాత్రమే పంచితే, మీరు ఎంత మంచివి తెచ్చినా ఆ లోటే గుర్తుంటుంది. దుబాయి నుంచి ఖర్జూరాలు, చాక్లెట్లు, సబ్బులు అందరూ తీసుకెళ్లేవే. వాటితో పాటు మీ సీమ సరుకు ఒకటైనా పెట్టుకోండి. ఆత్రేయపురం పూతరేకుల్లాంటిది వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు. వరిపిండితో కాగితమంత పల్చగా రేకు తీస్తారని చెబితే, వరి తినే జాతి కాబట్టి ఆ పనితనం వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

వరి అంటే ఒక మాట. ఇంగ్లీషులో వడ్లకూ బియ్యానికీ అన్నానికీ ఒకటే పేరు. మనీలా వైపు మాట్లాడే తగలోగు భాషలో మనలాగే మూడు పేర్లున్నాయి: వడ్లు ‘పాలై’, బియ్యం ‘బిగాస్’, అన్నం ‘కానిన్’. మూడు పూటలా అన్నమే తింటారు. చింతపండు పులుసు ‘సినిగాంగ్’ తాగినప్పుడు మన చారు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. మునగాకును ‘మలుంగ్గాయ్’ అంటారు, కోడి పులుసులోనూ పెసలలోనూ వేస్తారు. ఇక్కడ నా పేరు అలా వచ్చిందే. మిగిలిన ఫిలిప్పీన్స్ వంటల్లో కారం తక్కువ గాని, బికోల్ వాళ్లు మాత్రం కొబ్బరిపాలు, మిరపకాయ లేనిదే వంట చేయరు. చేమాకును ఎండబెట్టి కొబ్బరిపాలలో ఉడికించే ‘లాయింగ్’ తప్పకుండా తినండి.

అయితే జాగ్రత్త. ఆ లాయింగ్‌లోనే రుచి కోసం పందిమాంసం ముక్కలు వేస్తారు. కూరగాయల కూర అని పేరే గాని, అందులో ఏదో ఒక మాంసమో రొయ్యల ముద్దో ఉండటం అక్కడ సహజం. మనం పప్పులో ఇంగువ వేసినట్లుగా వేస్తారు, దాన్ని మాంసం కింద లెక్కపెట్టరు. రైలు పేరు పెట్టుకున్న ‘బికోల్ ఎక్స్‌ప్రెస్’ అనే ప్రసిద్ధ వంటకం మొత్తం పందిమాంసమే. కాబట్టి ‘బాబోయ్’, ‘బాకా’ అన్న రెండు మాటలు నేర్చుకోండి. మొదటిది పంది, రెండోది ఆవు. తినను అన్న మాట అక్కడ కంచం ముందు కూర్చుని చెప్పకూడదు. ఇప్పుడే, మీరు బయలుదేరకముందే, ఆ అమ్మాయి చేత వాళ్లమ్మగారికి చెప్పించాలి. వండి వడ్డించాక వద్దంటే ఆవిడ ఏమీ అనదు, కాని లోపల అలుగుతుంది. మన అలకకు సరిగ్గా సరిపోయే మాట వాళ్లకూ ఉంది, ‘తంపో’. కోపం కాదు, గొడవ కాదు. మౌనంగా ఉంటారు, మనమే కనిపెట్టి బుజ్జగించాలి. ఇలాగే మన మొహమాటానికి వాళ్ల ‘హియా’ దగ్గర చుట్టం.

ఇక హోటలు సంగతి. వాళ్లు ఉండమంటే ఇంట్లోనే ఉండండి. తమ్ముళ్ల గదిలో చాప వేస్తారు. పెళ్లి కానివాళ్లు ఒక గదిలో ఉండటం పల్లెటూళ్లలో ఊహించరు, కాబట్టి మీ ఇద్దరూ నలుగురి ఎదుట చేతులు పట్టుకు తిరగకపోతే మీ మీద గౌరవం పెరుగుతుంది. హోటలు గది మాట మీరు ముందుగా ఎత్తితే, మా ఇల్లు అతనికి ఆనలేదని అనుకోవచ్చు.

ఇప్పుడు మీరు అడగనిది. ఆ ఇంట్లో మిమ్మల్ని అడిగే మొదటి పది ప్రశ్నల్లో, ‘మీ అమ్మానాన్నలు ఏమంటున్నారు?’ అన్నది తప్పకుండా ఉంటుంది. వాళ్ల ఆచారంలో పెళ్లి మాట అబ్బాయి ఒంటరిగా వెళ్లి ఎత్తేది కాదు. అబ్బాయి తల్లిదండ్రులు వంటకాలతో, కానుకలతో అమ్మాయి ఇంటికి వెళ్లి అడుగుతారు. దాన్ని ‘పమన్హికన్’ అంటారు, నిచ్చెన ఎక్కి ఇంట్లోకి వెళ్లడమని దానికి అర్థం, పూర్వం ఇళ్లు గుంజల మీద ఉండేవి కాబట్టి. ఆ దేశంలో ముస్లింలకు తప్ప మిగిలినవారికి విడాకుల చట్టం లేదు. ఒకసారి అల్లుడయ్యాడంటే అయినట్లే గనుక, వాళ్లు మనిషిని ఒక్కణ్ణే చూడరు, వెనకున్న ఇంటిని చూస్తారు. ‘ఇంకా చెప్పలేదు’ అన్న మీ సమాధానం విని వాళ్ల నాన్నగారు మళ్లీ తలవూపుతారు. ఆ తలవూపుకు అర్థం మాత్రం వీడియో కాల్‌లో చూసినది కాదు.

దావావ్ డాక్టరు

పై సోదరుడు చాలావరకు చెప్పారు. నేను ఫిలిప్పీన్స్‌లోనే దావావ్ అనే నగరంలో వైద్యవిద్య చదివాను. ఆ ఊళ్లో చదువుకునే తెలుగు పిల్లలు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. నేను చుట్టాన్ని కాను, ఆ ఇళ్లలో పండగలకు భోజనం చేసిన విద్యార్థినిని మాత్రమే, కాబట్టి ప్రయాణం గురించి, మాటల గురించి రెండు విషయాలు చేరుస్తాను.

2025 నుంచి భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి పర్యటన కోసం 14 రోజుల వరకు వీసా అక్కరలేదు. అది పొడిగించడానికి వీలుండదు, తిరుగు టికెట్టు, బస వివరాలు, ఖర్చులకు డబ్బు ఉన్నట్లు ఆధారం చూపమంటారు. మీ తేదీలు సరిగ్గా 14 రోజులకు వస్తున్నాయి, అంటే విమానం ఒక్క రోజు ఆలస్యమైనా ఇబ్బందే. ఒకటి రెండు రోజులు తగ్గించుకోండి. బయలుదేరే ముందు 72 గంటల లోపు ఆ ప్రభుత్వపు ‘ఈ-ట్రావెల్’ వెబ్‌సైటులో ప్రయాణ వివరాలు నమోదు చేసుకోవాలి, దానికి రుసుము లేదు. మనీలా నుంచి ఆల్బేకు బస్సులో పది పన్నెండు గంటలు పడుతుంది, విమానమైతే గంట. కొత్త విమానాశ్రయం 2021లో దరాగా పట్టణంలో ప్రారంభమైంది. విదేశాల్లో ఉన్నవాళ్లంతా డిసెంబరులోనే ఇళ్లకు చేరుతారు కాబట్టి ఆ టికెట్టు ఇవాళే కొనండి. సముద్రం వైపున్న ఆ ప్రాంతానికి నవంబరు నుంచి జనవరి వరకు వానలు ఎక్కువ. మాయోన్ శిఖరం మబ్బుల్లో నుంచి బయటపడే క్షణం కోసం కాచుకోవాల్సి వస్తుంది. గొడుగు, త్వరగా ఆరే బట్టలు పెట్టుకోండి. స్నానాలగదిలో బకెట్టూ, ‘తాబో’ అనే మగ్గూ ఉంటాయి. ఆ ఒక్క విషయంలో మన దేశంవాడికి ఎవరూ ఏమీ నేర్పనక్కరలేదు.

మాటల్లో ఒకదానికి ముందే సిద్ధంగా ఉండండి. నాయనమ్మగారో, వీధిలో పిల్లలో మిమ్మల్ని ‘బుంబాయ్’ అనవచ్చు. భారతీయుడికి వాళ్ల వాడుకలో ఉన్న పేరు అది. చాలాకాలంగా అక్కడ స్థిరపడిన పంజాబీలు మోటారు సైకిళ్ల మీద ఊరూరూ తిరిగి చిన్నచిన్న అప్పులు ఇస్తుంటారు, ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి కాబట్టి దాన్ని ‘ఐదు-ఆరు’ అంటారు. అన్నం తినకపోతే బుంబాయ్ ఎత్తుకుపోతాడని పిల్లల్ని భయపెట్టే తల్లులూ ఉన్నారు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. తరువాత బజారులో పెద్ద ఉల్లిపాయను ‘సిబుయాస్ బుంబాయ్’ అంటారని తెలిసింది. ఆ మాటలో చాలామందికి ద్వేషం ఉండదు, అలవాటు ఉంటుంది. అయినా నచ్చకపోతే నవ్వుతూనే మీ పేరు చెప్పి, దాన్ని పలకడం వాళ్లకు నేర్పండి. కుయా అంటే అన్న, ఆతే అంటే అక్క; బికోల్‌లో మానోయ్, మానాయ్ అంటారు. తమ్ముళ్లు మిమ్మల్ని అలా పిలవడం మొదలుపెట్టాక బుంబాయ్ అన్న పేరు దానంతట అదే పోతుంది.

మీరు వెళ్లేది మంచి రోజుల్లో. డిసెంబరు 16 నుంచి 24 వరకు తొమ్మిది రోజులు తెల్లవారకముందే చర్చికి వెళతారు, ‘సింబాంగ్ గబీ’ అంటారు. ఆ తేదీ చూశారా? మన ధనుర్మాసం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. చలిలో స్నానం చేసి తిరుప్పావైకి వెళ్లి చక్కెరపొంగలి తెచ్చుకున్నట్లే, వాళ్లు పూజ అయ్యాక చర్చి బయట వేడివేడి ‘బిబింకా’ కొనుక్కుంటారు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి అరిటాకులో కాల్చే రొట్టె అది. మీరు క్రైస్తవులు కానక్కరలేదు, ప్రసాదం తీసుకోవడానికి వరుసలో నిలబడకూడదు అంతే. వాళ్లతో లేచి, వాళ్లతో నడిచి, వెనక బల్ల మీద కూర్చోండి. తొమ్మిది తెల్లవారుజాముల్లో మూడింటికి లేచినా నాయనమ్మగారు ఊరంతా చెప్పుకుంటారు.

ఒకవేళ పెళ్లి అక్కడే అయితే, మన రాయబార కార్యాలయం నుంచి వివాహానికి చట్టరీత్యా అర్హత ఉందన్న పత్రం కావాలి. దాని పని అప్పుడు చూసుకోవచ్చు.

గోదారి గట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. టికెట్టు మార్చి 25వ తేదీ రాత్రికి తిరుగు ప్రయాణం పెట్టుకున్నాను. మాంసం సంగతి ఆమె వాళ్లమ్మకు చెప్పింది. ‘ముస్లిమా?’ అని ఆవిడ అడిగారట. కాదు, ఆవును కూడా తినడు అంటే, ‘అయితే చేపలు ఎక్కువ తెప్పిస్తాను’ అన్నారట.

మునగాకు గారూ, మీరు రాసిన చివరి పేరా రెండు రోజులుగా నా తలలో తిరుగుతోంది. నాన్నకు చెప్పడానికి భయం ఒక్కటే కారణం కాదు. 1996 నవంబరు తుఫానులో మా కొబ్బరితోట నేలమట్టమైంది, నేను అప్పటికి పుట్టనైనా లేదు. మళ్లీ మొక్కలు పెట్టి, అవి కాపుకొచ్చేదాకా ఆయన అప్పులతోనే బతికారు. నేను దుబాయి వచ్చింది ఆ మిగులు అప్పు తీర్చడానికే. ఇప్పుడు ఆయన కొంచెం నిశ్చింతగా ఉన్నారు. ఆ నిశ్చింతను చెడగొట్టే మాట ఫోనులో ఎలా చెప్పాలో తెలియడం లేదు. ముందు వెళ్లి వస్తే, కనీసం చూపించడానికి నాలుగు ఫోటోలైనా ఉంటాయనుకున్నాను.

గుంటూరు అత్తగారు

బాబూ, నేను సాధారణంగా ఇక్కడ చదవడమే గాని రాయను. నీ ఫోటోల మాట చూసి రాయక తప్పలేదు.

మా పెద్దకోడలిది ఫిలిప్పీన్సే. మా అబ్బాయి కువైటులో ఉండగా, నీలాగే, ముందు వాళ్లింటికి వెళ్లి వచ్చి, ఆ తరువాత నాకు ఫోటోలు పంపాడు. వాటిలో ఒకటి ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. పొడవాటి బల్ల, అరిటాకులు, వాటి మీద అన్నం రాశులు, చుట్టూ పాతికమంది. మధ్యలో మా వాడు, చేత్తో తింటూ, నోరంతా నవ్వు. వాడి పక్కన పెద్దాయన ఒకరు వాడి ఆకులోకి చేప ముక్క తీసి పెడుతున్నారు. ఆ పెద్దాయనే ఇప్పుడు మా వియ్యంకుడు. అమ్మాయి ఏ దేశమో, ఏ మతమో నాకు ఆ క్షణంలో తోచలేదు. నా కొడుకును అల్లుడిగా కూర్చోబెట్టుకుని పాతికమంది అన్నం పెట్టారే, ఆ సంగతి వాళ్లందరికీ తెలుసే, నాకు ఒక్కదానికే తెలియదే అనిపించింది. మూడు నెలలు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. ఆ అమ్మాయి మీద లేని కోపాన్ని ఆమె మీద చూపించాను. అది నా తప్పే, కాని ఆ తప్పుకు దారి వేసింది ఆ ఫోటో.

వెళ్లే ముందు చెప్పి ఉంటే ఒప్పుకునేదాన్నా? ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, వాళ్ల నాన్న అన్నం మానేసేవారు. కాని వెళ్లే రోజున సంచిలో పచ్చడి సీసా మాత్రం పెట్టేదాన్ని. మీ నాన్నగారికి కోపం రావచ్చు. కోపం వచ్చినవాడికి కూడా తన వంతు ఏదో ఒకటి చేసే అవకాశం ఉండాలి.

చెప్పేటప్పుడు పెళ్లి మాటతో మొదలుపెట్టకు. ఫలానా ఇంటికి వెళ్తున్నాను, వాళ్ల ఆచారం ప్రకారం పెద్దవాళ్ల తరఫున ఏదైనా తీసుకెళ్లాలట, ఏమి తీసుకెళ్లను అని మీ అమ్మను అడుగు. తరువాత ప్రశ్నలు ఆవిడే వేస్తుంది. వాళ్లది బికోల్ అన్నావు, అక్కడా కొబ్బరితోటలు ఎక్కువే కదా? ఆ సంగతి మీ నాన్నకు చెప్పావా?

మునగాకు

అమ్మా, మీరు రాసినది చదివి మా ఆవిడకు అనువదించి వినిపించాను. పెళ్లప్పుడు మా అమ్మ మూడు నెలలు కాదు, ఏడాది మాట్లాడలేదు.

గోదారి గట్టు గారికి ఒక్క మాట. తుఫాను సంగతి మీ కాబోయే మామగారి దగ్గర దాచుకోనక్కరలేదు. 2006 నవంబరు 30న వచ్చిన రెమింగ్ తుఫానుకు మాయోన్ కొండ మీది బూడిద, బండరాళ్లు బురదగా కిందికి దిగి దరాగా, గినోబాతన్ చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లను పూడ్చేశాయి. ఆ వయసువాళ్లలో ఆ రోజు గుర్తులేనివారు ఆల్బేలో ఉండరు. కొత్తవాళ్లను చూడటానికి తీసుకెళ్లే కగ్సావా గంటగోపురం కూడా అలాంటిదే, 1814 ఫిబ్రవరి 1న మాయోన్ పేలినప్పుడు చర్చి మొత్తం పోగా మిగిలిన ముక్క అది. ఆయనతో మాట్లాడటానికి ఏమీ తోచనప్పుడు, మీ నాన్నగారి తోట గురించి చెప్పండి.

గోదారి గట్టు

జనవరి మొదటివారంలో రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి.

డిసెంబరు 6న అమ్మకు ఫోను చేసి, గుంటూరు అత్తగారు చెప్పినట్లే అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘ఇంట్లో ఎంతమంది?’ అని అడిగి ఫోను పెట్టేసింది. నాన్న రెండు రోజులు నా ఫోను తీయలేదు. మూడో రోజు ఆయనే చేశారు. తిట్టలేదు. ‘వాళ్లకు ఎన్ని కొబ్బరి చెట్లున్నాయిరా?’ అన్నారు. నాకు తెలియదన్నాను. ‘అదైనా కనుక్కోకుండా ఎలా వెళ్తున్నావు?’ అన్నారు. దుబాయి వస్తున్న మా ఊరి అబ్బాయి చేతికి పూతరేకుల డబ్బాలు మూడు, ఒక చీర, పసుపుకుంకుమ పొట్లం అమ్మ పంపింది. చీర ఎవరికో చెప్పలేదు.

అక్కడ నన్ను అడిగిన మూడో ప్రశ్నే మునగాకు గారు రాసినది. ‘అమ్మ ఈ చీర పంపింది, నాన్న మీకు ఎన్ని చెట్లున్నాయో కనుక్కోమన్నారు’ అని చెప్పాను. తర్జుమా పూర్తయ్యేలోపే ఆ ఇంటి పెద్దాయన లేచి, చెప్పులు వేసుకుని, వానలోనే నన్ను తోటకు తీసుకెళ్లారు. నూట నలభై చెట్లు. రెమింగ్‌కు పోగా మళ్లీ పెట్టినవి ఎక్కడి నుంచి ఎక్కడివరకో చేత్తో చూపించారు. నేను నాన్నకు వీడియో కాల్ కలిపాను. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ మట్ట చూపించుకున్నారు, గెల చూపించుకున్నారు, ఆకుల మీది మచ్చ చూపించి నాన్న తల అడ్డంగా ఊపారు. ఇరవై నిమిషాలు నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. కల్లు వాళ్లకూ ఉంది, ‘తుబా’ అంటారు. ఆ సంగతి నాన్నకు చెప్పగానే మొదటిసారి నవ్వారు.

మిగిలిన విషయాలు మీరంతా చెప్పినట్లే జరిగాయి. నాయనమ్మగారు నన్ను బుంబాయ్ అన్నారు, నాలుగో రోజుకు నా పేరులో సగం పలికారు. తెల్లవారుజామున చర్చికి తొమ్మిదింటిలో ఏడింటికి వెళ్లాను. పూతరేకును మొదట కాగితమనుకుని విప్పబోయారు. పందిమాంసం లేని లాయింగ్ నా కోసం వేరే గిన్నెలో వండి, ఎవరూ కలపకుండా దాని మీద మూత పెట్టి, ఆ మూత మీద నా పేరు రాసి ఉంచారు. ఒకే ఒక్క పొరపాటు చేశాను. మూడో రోజు రాత్రి పాటల యంత్రం ముందు మైకు ఇస్తే సిగ్గుపడి వద్దన్నాను. మరునాడు మధ్యాహ్నం దాకా చిన్న తమ్ముడు నాతో మాట్లాడలేదు. తంపో అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి రెండు పాటలు పాడాను.

వేసవిలో అమ్మానాన్నలు పమన్హికన్‌కు వస్తామన్నారు. నాన్న అవునన్నారని అమ్మ చెప్పింది, ఆయన నోటితో ఇంకా వినలేదు. గుంటూరు అత్తగారికి ఒక ప్రశ్న. మా అమ్మకు పెరుగు లేనిదే ముద్ద దిగదు. ఆ ఊరి దుకాణాల్లో తియ్యటి పెరుగు తప్ప మరేదీ నాకు కనబడలేదు. మీరు వెళ్లినప్పుడు ఏమి చేశారు?

గుంటూరు అత్తగారు

చాలా సంతోషం బాబూ. మీ నాన్నగారిని తొందరపెట్టకు.

పెరుగు లేక మూడో రోజుకు నా ప్రాణం విలవిలలాడింది. తోడు ఎక్కడా లేదు. పొడిపాలు చిక్కగా కలిపి, కాచి, గోరువెచ్చగా ఉండగా నాలుగు మిరపకాయ తొడిమలు వేసి మూత పెట్టాను. మొదటిసారి నీళ్లనీళ్లగా తోడుకుంది. దాన్నే తోడుగా వేస్తే రెండోసారి గట్టిగా వచ్చింది. పాలలో మిరపకాయ తొడిమలు ఎందుకు వేస్తున్నానో అర్థం కాక మా వియ్యపురాలు పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది, పొద్దున్నే నాకన్నా ముందు లేచి మూత తీసి చూసింది. బికోల్‌లో మిరపకాయలకు కొదవ లేదుగా, మీ అమ్మగారికి ఇబ్బంది ఉండదు. గిన్నె మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లమను.